డొమైన్ పేరు ఎవరి దగ్గర రిజిస్టర్ చేయాలి? రూ.99 ఆఫర్ చూసే ముందు ఈ విషయాలు చూడండి

గుంటూరు పట్నం బజారులో మిర్చి పొడి అమ్మే దుకాణానికి ఇప్పుడు వెబ్‌సైట్ ఉంటోంది. మంగళగిరి, చీరాల చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయి. చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లయినా, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారైనా బయటి కొనుగోలుదారుకు ముందు ఇచ్చేది వెబ్‌సైట్ అడ్రసు, దాని పేరుతోనే ఉన్న ఈమెయిల్. ఆ అడ్రసే డొమైన్ పేరు.

డొమైన్ తీసుకోవడం ఫోన్‌లో ఐదు నిమిషాల పని. అందుకే చాలామంది ఏ కంపెనీ దగ్గర తీసుకుంటున్నారో పట్టించుకోరు. ఎక్కడ తక్కువ ధర కనిపిస్తే అక్కడ కొనేస్తారు. లేదా వెబ్‌సైట్ తయారుచేసే కుర్రాడికి చెప్పి వదిలేస్తారు. రెండు మూడేళ్ల తర్వాత సైట్ ఆగిపోయినప్పుడు, రెన్యువల్ బిల్లు పది రెట్లు వచ్చినప్పుడు, లేదా ఆ కుర్రాడు ఫోన్ ఎత్తనప్పుడు అసలు సమస్య తెలుస్తుంది. అప్పటికి ప్యాకెట్ల మీద, బోర్డుల మీద, బిల్లు పుస్తకాల మీద ఆ పేరే అచ్చయి ఉంటుంది.

కంపెనీని ఎంచుకునేటప్పుడు తొలి ఏడాది ధర చివరగా చూడాల్సిన విషయం. పేరు మీ చేతిలో ఉంటుందా, ఏటా ఎంత కట్టాలి, నచ్చకపోతే బయటికి రాగలరా... ఈ మూడూ ముందు చూడాలి. ఎలా చూడాలో తెలుసుకుందాం.

డొమైన్ కొంటున్నామా, కౌలుకు తీసుకుంటున్నామా?

'డొమైన్ కొన్నాం' అంటాం కానీ అది కొనుగోలు కాదు. పొలం కౌలుకు తీసుకున్నట్టు, కొంతకాలానికి ఆ పేరు వాడుకునే హక్కు తీసుకుంటాం. కనీసం ఏడాది, గరిష్ఠంగా ఒకేసారి పదేళ్లు. గడువులోగా మళ్లీ కడితే హక్కు కొనసాగుతుంది. కట్టకపోతే కొన్నాళ్లకు ఆ పేరును ఎవరైనా తీసుకోవచ్చు.

ఈ వ్యవస్థలో నాలుగు స్థాయులు ఉంటాయి.

మొదటిది పర్యవేక్షణ సంస్థ. ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసేది ఐకాన్. 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఇది.

రెండోది రిజిస్ట్రీ. ఒక్కో తోకకు ఒక్కో రిజిస్ట్రీ ఉంటుంది. డాట్ కామ్ పేర్ల జాబితాను అమెరికాకు చెందిన వెరిసైన్ నిర్వహిస్తుంది. డాట్ ఇన్ బాధ్యత మన దేశంలోని నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ పరిధిలో పనిచేసే ఈ లాభాపేక్ష లేని సంస్థ 2003లో ఏర్పడింది. 2005 నుంచి డాట్ ఇన్ పేర్లు సామాన్యులకూ సులువుగా దొరుకుతున్నాయి.

మూడోది రిజిస్ట్రార్. రిజిస్ట్రీ నుంచి గుర్తింపు పొంది మనకు పేర్లు నమోదు చేసే కంపెనీ. మనం ఎంచుకోవాల్సింది దీన్నే. భూముల రిజిస్ట్రార్ ఆఫీసులా ఇది ప్రభుత్వ కార్యాలయం కాదు. ప్రైవేటు కంపెనీ. ఒకే డాట్ కామ్ పేరును పదుల కంపెనీలు వేర్వేరు ధరలకు ఇస్తాయి. పేరు మాత్రం ఒకటే, నాణ్యతలో తేడా ఉండదు. తేడా అంతా సేవలో, షరతుల్లో.

నాలుగోది రీసెల్లర్. రిజిస్ట్రార్ తరఫున అమ్మే మధ్యవర్తి. బ్రాడీపేటలోనో, ఒంగోలు ట్రంకు రోడ్డులోనో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులు చాలావరకు ఈ కోవలోకి వస్తాయి. రీసెల్లర్ దగ్గర తీసుకోవడం తప్పేమీ కాదు. కానీ వాళ్ల వెనుక ఉన్న అసలు రిజిస్ట్రార్ ఎవరో మీకు తెలిసి ఉండాలి.

గుర్తింపు ఉన్న కంపెనీయేనా? ఎలా తెలుస్తుంది?

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి పేర్లకు ఐకాన్ గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్ల జాబితా ఐకాన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. డాట్ ఇన్‌కు నిక్సీ గుర్తింపు ఇచ్చిన కంపెనీల జాబితా 'రిజిస్ట్రీ డాట్ ఇన్' సైట్‌లో దొరుకుతుంది. మీరు అనుకున్న కంపెనీ పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే అది రీసెల్లర్ అయి ఉండాలి. ఎవరి రీసెల్లరో అడగండి. సూటిగా చెప్పకపోతే వేరే చోటికి వెళ్లండి.

ఇప్పటికే మీకు డొమైన్ ఉంటే 'లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్' తెరిచి మీ పేరు కొట్టండి. డాట్ ఇన్ పేరైతే 'రిజిస్ట్రీ డాట్ ఇన్' సైట్‌లోనూ వెతకవచ్చు. రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు నమోదైంది, గడువు ఎప్పటివరకు అనేవి కనిపిస్తాయి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. లాగిన్ కూడా అక్కర్లేదు.

పేరు ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న చాలా ముఖ్యం

కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టిన రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. సరుకు పండించింది ఎవరైనా, బాండు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే దాన్ని బయటికి తీయగలరు. డొమైన్ విషయంలోనూ అంతే. డబ్బు కట్టింది మీరైనా, వ్యాపారం మీదైనా, రికార్డులో రిజిస్ట్రెంట్‌గా ఎవరి పేరు ఉంటే హక్కు వాళ్లదే.

వెబ్‌సైట్ తయారీదారుకు అంతా అప్పగిస్తే సాధారణంగా జరిగేది ఇది. అతను తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో, ఒక్కోసారి తన పేరు మీదే డొమైన్ తీసుకుంటాడు. మోసం చేయాలని కాకపోవచ్చు, పని సులువని అలా చేస్తాడు. కానీ రేపు అతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతే రెన్యువల్ నోటీసులు అతని పాత ఈమెయిల్‌కే వెళ్తాయి. డబ్బు దగ్గర మాట తేడా వస్తే పేరు అతని చేతిలోనే ఉండిపోతుంది.

అందుకే ఈ నాలుగూ పాటించండి.

- ఖాతా మీ సొంత ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే తెరవండి. తయారీదారుకు అవసరమైతే పరిమిత అనుమతి ఇవ్వండి. మంచి రిజిస్ట్రార్లు ఖాతాలోకి మరొకరిని చేర్చే సదుపాయం ఇస్తారు.
- రిజిస్ట్రెంట్ పేరు దగ్గర మీ పేరు, సంస్థ పేరు దగ్గర జీఎస్టీలో ఉన్న మీ వ్యాపారం పేరు రాయండి.
- ఆ ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. అప్పుడు నోటీసు రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రాదు.
- బిల్లు మీ పేరు మీద తీసుకోండి. రేపు వివాదం వస్తే ఇదే మొదటి ఆధారం.

మరో విషయం. డాట్ కామ్ లాంటి పేరు తీసుకోగానే ఈమెయిల్ నిజమైనదేనా అని ధ్రువీకరించమంటూ ఒక లింకు వస్తుంది. 15 రోజుల్లోగా స్పందించకపోతే మీ పేరును నిలిపివేయవచ్చు. కొత్త సైట్ రెండు వారాలకే ఆగిపోయిందంటే తరచూ కారణం ఇదే. ఇక డాట్ ఇన్‌లో అసలు యజమానిని దాచి వేరొకరి పేరుతో నమోదు చేసే ప్రాక్సీ సేవలను నిక్సీ అనుమతించదు. వివరాలు నిజమైనవే ఇవ్వాలి. గుర్తింపు పత్రాలు అడిగితే చూపించాలి.

రిజిస్ట్రార్ కంపెనీయే మూతపడితే?

అలా జరగదనుకోవద్దు. మన దేశంలోనే జరిగింది. నెట్ 4 ఇండియా ఒకప్పుడు దేశంలో పేరున్న రిజిస్ట్రార్. ఎన్నో చిన్న, మధ్యతరహా సంస్థలు దాని దగ్గర డొమైన్లు తీసుకున్నాయి. 2019లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ తర్వాత చాలామంది ఖాతాదారులు పేర్లు రెన్యువల్ చేసుకోలేక, వేరే కంపెనీకి మార్చుకోలేక ఇబ్బంది పడ్డారు. ఐకాన్‌కు ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరకు 2021 ఫిబ్రవరిలో ఐకాన్ గుర్తింపు రద్దు నోటీసు ఇచ్చింది. అదే ఏడాది ఆ కంపెనీ చేతిలోని డాట్ కామ్ తరహా పేర్లను పబ్లిక్ డొమైన్ రిజిస్ట్రీ అనే మరో రిజిస్ట్రార్‌కు మార్చారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్ కూలిపోయినా పేర్లు గాలిలో కలిసిపోవు. ఐకాన్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రార్లు ఖాతాదారుల వివరాల నకలును బయటి సంస్థ దగ్గర భద్రపరచాలి. ఆ రికార్డులో మీ పేరు, మీ ఈమెయిల్ ఉంటేనే ఆ రక్షణ మీకు అందుతుంది. రీసెల్లర్ పేరు ఉంటే అందదు. రెండు, కంపెనీ ఇబ్బందుల్లో ఉందన్న సంకేతాలు కనిపించగానే కదలాలి. ఫోన్ ఎత్తకపోవడం, కట్టిన డబ్బుకు రెన్యువల్ జరగకపోవడం అలాంటి సంకేతాలే.

పెద్ద కంపెనీ అయితే శాశ్వతమని కూడా కాదు. గూగుల్ తన డొమైన్ల వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్‌కు అమ్మేస్తున్నట్టు 2023 జూన్‌లో తెలిసింది. దాదాపు కోటి డొమైన్లు చేతులు మారాయి. గూగుల్‌ను చూసి తీసుకున్నవాళ్లు వేరే కంపెనీ ఖాతాదారులయ్యారు. కాబట్టి 'ఈ కంపెనీ ఎప్పటికీ ఉంటుందా' అని ఆలోచించడం కన్నా 'అవసరమైతే ఇక్కడి నుంచి సులువుగా వెళ్లగలనా' అని ఆలోచించడం మేలు.

రూ.99 ఆఫర్ వెనుక లెక్క ఏంటి?

ఒక్కో డాట్ కామ్ పేరుకు ఏటా రిజిస్ట్రార్ వెరిసైన్‌కు చెల్లించాల్సిన టోకు ధర 2024 సెప్టెంబరు నుంచి 10.26 డాలర్లు. మన డబ్బుల్లో రూ.850కి పైనే. దీనికి ఐకాన్ రుసుము, 18 శాతం జీఎస్టీ అదనం. అంటే రూ.99కి, రూ.199కి డాట్ కామ్ ఇచ్చే కంపెనీ మొదటి ఏడాది నష్టానికి ఇస్తోందన్నమాట. ఆ నష్టాన్ని రెండో ఏడాది నుంచి రెన్యువల్‌లోనో, హోస్టింగ్‌లోనో, ఈమెయిల్‌లోనో రాబట్టుకోవాలి. ఆఫర్ ఇవ్వడం తప్పు కాదు. లెక్క మీకు తెలియాలి, అంతే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఈ అంకెలు లెక్క కోసమే. ఒక కంపెనీ తొలి ఏడాది రూ.99, తర్వాత ఏటా రూ.1,100 అంటోంది. ఇంకో కంపెనీ తొలి ఏడాది నుంచే ఏటా రూ.700 అంటోంది. ఐదేళ్లకు మొదటి దాని దగ్గర 99కి నాలుగు సార్లు 1,100 కలిపితే రూ.4,499. రెండో దాని దగ్గర రూ.3,500. జీఎస్టీ కలిపితే మొదటిది దాదాపు రూ.5,309, రెండోది రూ.4,130. చవగ్గా కనిపించిన కంపెనీలోనే సుమారు రూ.1,180 ఎక్కువ పడింది.

అందుకే ధర పోల్చేటప్పుడు ఐదేళ్ల మొత్తం చూడండి. రెన్యువల్ ధర సాధారణంగా చిన్న అక్షరాల్లోనో, వేరే పేజీలోనో ఉంటుంది. వెతికి చూడండి. ట్రాన్స్‌ఫర్ ధర, గడువు దాటాక తిరిగి తెచ్చుకునే ధర కూడా అక్కడే ఉండాలి. ఈ ధరలు బయటపెట్టని కంపెనీని పక్కన పెట్టేయండి.

కార్టులో మీరు కోరనివి చేరాయా?

రూ.99 అనుకుని వెళ్తే చెల్లింపు దగ్గర రూ.2,400 కనిపిస్తుంది. ఈమెయిల్ ప్లాన్, ప్రైవసీ, వెబ్‌సైట్ భద్రత, పక్కన ఇంకో రెండు తోకలు... అన్నీ ముందే టిక్ పెట్టి ఉంటాయి. ఒక ఏడాది బదులు మూడేళ్లు ఎంపికై ఉంటుంది.

ఇలా వినియోగదారు అడగనివి కార్టులో చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 'డార్క్ ప్యాటర్న్'గా గుర్తించింది. 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాల్లో ఇలాంటి 13 రకాల ఎత్తుగడలను పేర్కొని నిషేధించింది. అసలు ధరను చివరిదాకా దాచడం, చందా రద్దు చేసుకోవడం కష్టం చేయడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

చెల్లించే ముందు ఒక్కో వరుసా చదవండి. డొమైన్ ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. సైట్‌కు తాళం గుర్తు ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ చాలా హోస్టింగ్ కంపెనీలు ఉచితంగానే ఇస్తున్నాయి. డీఎన్‌ఎస్ సెట్టింగులు మార్చుకునే సదుపాయానికి విడిగా డబ్బు అడగకూడదు. హోస్టింగ్, డొమైన్ ఒకే చోట ఉండాలన్న నియమం కూడా లేదు. విడిగా ఉంటే ఒకదానితో ఇబ్బంది వచ్చినప్పుడు రెండోది చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆటో రెన్యువల్ పెట్టాం కదా, ఇంకా భయమేంటి?

మన కార్డులతో ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు నుంచి పదేపదే డబ్బు తీసుకోవాలంటే ముందుగా ఈ-మ్యాండేట్ నమోదు కావాలి. డబ్బు తీసే 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఈ పద్ధతికి అనుసంధానం కాని విదేశీ కంపెనీల దగ్గర ఆటో రెన్యువల్ విఫలమవుతుంటుంది. కార్డు గడువు తీరినా, బ్యాంకు కార్డు మార్చినా ఇదే పరిస్థితి.

కాబట్టి ఆటో రెన్యువల్ పెట్టుకున్నా ఫోన్ క్యాలెండర్‌లో గడువుకు రెండు నెలల ముందు ఒక గుర్తు పెట్టుకోండి. యూపీఐ, నెట్ బ్యాంకింగ్ తీసుకునే కంపెనీ అయితే చేతితో కట్టడం తేలిక. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు ఆ నంబరుతో బిల్లు ఇచ్చే కంపెనీని చూసుకుంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌కు పనికొస్తుంది. పేరు ఖాయమనుకుంటే రెండు మూడేళ్లకు ఒకేసారి కట్టేయడం ఇంకా నయం.

గడువు దాటితే ఏం జరుగుతుంది?

డాట్ కామ్ లాంటి పేర్లకు ఐకాన్ నిబంధనలు ఇలా ఉన్నాయి. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ మీకు గుర్తు చేయాలి. గడువు దాటాక ఐదు రోజుల్లోగా మరోసారి చెప్పాలి.

అప్పటికీ కట్టకపోతే సైట్, ఈమెయిల్ ఆగిపోతాయి. తర్వాత కొన్నాళ్లు మామూలు ధరకే రెన్యువల్‌కు అవకాశం ఉంటుంది. ఇది కంపెనీని బట్టి మారుతుంది, 45 రోజులకు మించదు. కొన్ని కంపెనీలు ఈ వ్యవధిలోనే పేరును వేలానికి పెడతాయి. పేరును తొలగించాక 30 రోజుల 'రిడెంప్షన్' దశ మొదలవుతుంది. ఇందులో తిరిగి తెచ్చుకోవచ్చు కానీ మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆపై పేరు మార్కెట్లోకి వస్తుంది.

పాత పేర్ల కోసం కాచుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. మిర్చి సీజన్‌లో ఆర్డర్లు తెచ్చిన అడ్రసు రేపు జూదం సైట్‌కు దారి తీయవచ్చు. అంతకన్నా ప్రమాదం, కొత్తగా తీసుకున్నవాళ్లు ఆ పేరుతో ఈమెయిల్ పెట్టుకుంటే మీకు రావాల్సిన మెయిళ్లు వాళ్లకు చేరతాయి. పాత కొనుగోలుదారు పంపిన ఆర్డరు, బ్యాంకు పాస్‌వర్డ్ మార్పు లింకు కూడా అందులో ఉండొచ్చు.

నచ్చకపోతే వేరే కంపెనీకి మారొచ్చా?

మారొచ్చు. మొబైల్ నంబరు పోర్ట్ చేసుకున్నట్టే. పాత కంపెనీ ఖాతాలో 'లాక్' తీసేసి, ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకుని కొత్త కంపెనీకి ఇవ్వాలి. దీన్నే ఆథ్ కోడ్, ఈపీపీ కోడ్ అని కూడా అంటారు. డాట్ ఇన్‌కూ ఇలాంటి కోడ్ పద్ధతే.

డాట్ కామ్ లాంటి పేర్లకు మీరు అడిగిన 5 రోజుల్లోగా కోడ్ ఇవ్వాలన్నది ఐకాన్ నిబంధన. ట్రాన్స్‌ఫర్‌తో పాటు మామూలుగా ఏడాది రెన్యువల్ కూడా కలుస్తుంది కాబట్టి కట్టిన డబ్బు వృథా కాదు. అయితే కొత్తగా నమోదైన 60 రోజుల్లోపు, ఒకసారి మారిన 60 రోజుల్లోపు సాధారణంగా మార్పు కుదరదు. గడువు చివరి వారంలో కాకుండా నెల రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

కంపెనీని ఎంచుకునే ముందే ఒక పరీక్ష చేయండి. వాళ్ల సహాయ పేజీలో ట్రాన్స్‌ఫర్ కోడ్ ఎలా తీసుకోవాలో వెతకండి. ఖాతాలోనే ఒక బటన్ నొక్కితే వస్తుందని ఉంటే మంచి గుర్తు. ఫోన్ చేయాలి, ఫారం నింపాలి, రుసుము కట్టాలి అని ఉంటే ఆలోచించుకోండి.

డాట్ కామ్ మంచిదా, డాట్ ఇన్ మంచిదా?

విదేశీ కొనుగోలుదారులే ఎక్కువైతే డాట్ కామ్ అందరికీ అలవాటైన తోక. వ్యాపారం ఇక్కడే అయితే డాట్ ఇన్ సరిపోతుంది. నిబంధనలు, వివాద పరిష్కారం మన దేశంలోనే ఉండటం దీని అనుకూలత. వీలైతే రెండూ తీసుకుని ఒకదాన్ని రెండోదానికి మళ్లించుకోండి. పది తోకలూ కొనాల్సిన పనిలేదు.

తెలుగు లిపిలోనే అడ్రసు కావాలంటే 'డాట్ భారత్' ఉంది. దీన్నీ నిక్సీయే నిర్వహిస్తుంది. బోర్డు మీద చూడటానికి బాగుంటుంది. కానీ తెలుగు లిపి ఈమెయిల్ అడ్రసును చాలా సైట్ల ఫారాలు ఇంకా తీసుకోవడం లేదు. అందుకే దాన్ని రెండో అడ్రసుగా పెట్టుకోవడం మంచిది.

కొన్ని తోకలు డబ్బు పెట్టినా దొరకవు. 'జీఓవీ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే. బ్యాంకులకు కొత్తగా 'బ్యాంక్ డాట్ ఇన్' వచ్చింది. దీన్ని రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, ఆ ఏడాది అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ మారాలని చెప్పింది. వీటిని నమోదు చేసే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. అందువల్ల ఎవరు పడితే వాళ్లు ఆ తోకతో పేరు తీసుకోలేరు. పేరు ఎవరు నమోదు చేస్తున్నారన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఖాతాకు తాళం ఎలా?

మీ రిజిస్ట్రార్ ఖాతాలోకి దొంగ చొరబడితే సైట్‌ను, ఈమెయిల్‌ను తనవైపు తిప్పుకోగలడు. పాస్‌వర్డ్‌తో పాటు రెండో అంచె ధ్రువీకరణ ఉన్న కంపెనీనే ఎంచుకోండి. వీలైతే అథెంటికేటర్ యాప్ వాడండి. 'రిజిస్ట్రార్ లాక్' ఎప్పుడూ వేసే ఉంచండి. ఇది ఉచితం.

డొమైన్ తీసుకున్న కొన్నాళ్లకు 'మీ పేరు గడువు తీరుతోంది, వెంటనే కట్టండి' అంటూ ముక్కూమొహం తెలియని కంపెనీల నుంచి మెయిళ్లు, ఫోన్లు రావొచ్చు. ఆ లింకుల మీద నొక్కకండి. మీ రిజిస్ట్రార్ సైట్‌ను మీరే తెరిచి గడువు చూసుకోండి. ట్రాన్స్‌ఫర్ కోడ్‌ను ఓటీపీలాగే ఎవరికీ చెప్పకండి.

మీ పేరును ఇంకొకరు ముందే తీసుకుంటే?

ముందు వచ్చినవాళ్లకే పేరు అన్నది సాధారణ నియమం. కానీ దురుద్దేశంతో మీ వ్యాపారం పేరు తీసుకుంటే దారులున్నాయి. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ వర్తిస్తుందని తేల్చింది. 'సిఫీ' పేరును పోలిన డొమైన్ల మీద వచ్చిన వివాదం అది. డాట్ ఇన్ పేర్ల మీద నిక్సీ మధ్యవర్తిత్వ విధానం ఉంది. డాట్ కామ్‌కు ఐకాన్ విధానం ఉంది. అందులో ఒకే సభ్యుడున్న ప్యానెల్‌కు ప్రపంచ మేధోసంపత్తి సంస్థ తీసుకునే రుసుమే 1,500 డాలర్లు. చిన్న వ్యాపారికి అది పెద్ద మొత్తం. వ్యాపారం పేరు ఖరారు చేసుకున్న రోజే డొమైన్ తీసుకుని, ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు చేసుకోవడం చవక.

అలాగే డొమైన్ దొరికినంత మాత్రాన ఆ పేరు మీద చట్టపరమైన హక్కు వచ్చినట్టు కాదు. గుంటూరు సన్నం మిర్చి, మంగళగిరి చీరలు భౌగోళిక గుర్తింపు ఉన్నవి. ఆ పేరుతో సైట్ పెట్టి వేరే సరుకు అమ్మితే చిక్కుల్లో పడతారు.

ఫిర్యాదు ఎవరికి చేయాలి?

- ముందు రిజిస్ట్రార్‌కే రాతపూర్వకంగా. ఫోన్‌లో మాట్లాడినా దాన్ని మెయిల్‌లో పెట్టండి.
- డాట్ కామ్ లాంటి పేర్లకు ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వకపోవడం, రెన్యువల్ నోటీసులు పంపకపోవడం లాంటివైతే ఐకాన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఫారం ఉంటుంది.
- డాట్ ఇన్, డాట్ భారత్ పేర్లకు నిక్సీకి.
- అడగనివి అంటగట్టడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం వంటి వాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.
- డబ్బు మోసపోయినా, ఖాతా హ్యాక్ అయినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చెల్లించే ముందు ఒకసారి చూసుకోండి

1. కంపెనీ పేరు ఐకాన్ లేదా నిక్సీ జాబితాలో ఉందా? రీసెల్లర్ అయితే అసలు రిజిస్ట్రార్ ఎవరో తెలిసిందా?
2. ఖాతా, ఈమెయిల్, ఫోన్, రిజిస్ట్రెంట్ పేరు అన్నీ మీవేనా?
3. రెన్యువల్ ధర ఎంత? జీఎస్టీతో ఐదేళ్ల మొత్తం ఎంత?
4. కార్టులో డొమైన్ తప్ప ఇంకేమైనా ఉన్నాయా?
5. ట్రాన్స్‌ఫర్ కోడ్ ఖాతాలోనే దొరుకుతుందా?
6. రెండో అంచె ధ్రువీకరణ, డొమైన్ లాక్ ఉన్నాయా?
7. యూపీఐ తీసుకుంటారా? మీ జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తారా?
8. ఇబ్బంది వస్తే మనిషితో మాట్లాడే వీలుందా? కొనే ముందే ఒక ప్రశ్న పంపి, ఎంతసేపట్లో జవాబు వస్తుందో చూడండి.

ఇప్పటికే వెబ్‌సైట్ ఉన్నవాళ్లు ఈ రోజే మీ డొమైన్ పేరును లుకప్ సైట్‌లో వెతకండి. గడువు తేదీ రాసుకోండి. ఆ ఖాతా ఎవరి చేతిలో ఉందో ఆరా తీయండి. వేరొకరి చేతిలో ఉంటే, సంబంధాలు బాగున్నప్పుడే అడిగి మీ పేరు మీదికి మార్పించుకోండి. మాట తేడా వచ్చాక అడగాలంటే పని కష్టమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది.